ఎండ రాసిన వయసు

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం చర్మవైద్యుల దగ్గరికి 69 ఏళ్ల పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపినవాడు. ఆయన కుడి చెంప ఆ వయసువాళ్ల చెంపలాగే ఉంది. ఎడమ చెంప మాత్రం తండ్రిదేమో అనిపించేలా ఉంది. చర్మం దళసరి ఎక్కి, చాళ్లు తీసినట్టు ముడతలు పడి, కంటి పక్కన గుళ్లు గుళ్లుగా వేలాడుతోంది. ఇద్దరు డాక్టర్లు ఆ ముఖాన్ని ఫొటో తీసి 2012 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. చర్మం ముసలితనం గురించి మాట్లాడే ప్రతి వైద్యుడూ అప్పటినుంచి ఆ ఫొటో చూపిస్తూనే ఉన్నాడు.

అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండంతా ఎడమ చెంప మీదే పడుతుంది. మిగతావన్నీ రెండు చెంపలకీ సమానమే. పుట్టినతేదీ ఒకటే, తిండి ఒకటే, నిద్ర ఒకటే, వంశం ఒకటే. తేడా వెలుతురు ఒక్కదానిదే.

సూర్యుడి నుంచి నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో రెండు రకాలున్నాయి. చర్మాన్ని కమిలించి ఎర్రబరిచేది యూవీబీ. దాన్ని మామూలు గాజు ఆపేస్తుంది. నేలకు చేరేవాటిలో దాదాపు 95 శాతం ఉండే యూవీఏ మాత్రం గాజులోంచి, మబ్బులోంచి దూరి చర్మం అడుగు పొర దాకా దిగుతుంది. మంట పుట్టదు, ఎర్రబడదు, కాబట్టి మనిషికి తెలియదు. 2016లో అమెరికాలో ఒక కంటివైద్యుడు 29 కార్ల అద్దాలను కొలిచి చూశాడు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే ముందద్దం యూవీఏని సగటున 96 శాతం ఆపుతోంది. పక్క అద్దాల సగటు 71 శాతమే. కొన్ని కార్లలోనైతే సగం కూడా ఆపడం లేదు.

మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి ఇక్కడి డ్రైవర్ల కుడి చెంప, కుడి మోచేయి పరీక్షగా చూడాల్సినవి. చిత్రమేమిటంటే ఆ ఫొటో వచ్చిన నెలలోనే, ఏప్రిల్ 27న, కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించరాదని మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు చూసింది నేరాల కోణం, అది సబబే. చర్మం సంగతి ఆ కేసులో లేదు. అయినా రోజుకు పది గంటలు క్యాబ్ నడిపే కుర్రాడు పొడుగు చేతుల చొక్కా వేసుకోవడానికి ఒక కారణం అయితే ఉంది.

ఇంతకీ ఆ ఎండ లోపలికి వెళ్లి చేసే పనేమిటి? చర్మం పైపొర చాలా పల్చన, మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. దాని కింద ఉండే అసలు చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీను. నీరు తీసేస్తే ఆ పొర బరువులో దాదాపు మూడు వంతులు అదే. ఈ కొల్లాజెన్ రూపాన్ని తేల్చినవాళ్లలో ముందువరసలో ఉన్నది మద్రాసు శాస్త్రవేత్తలు. 1952లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చినప్పుడు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదని ఒక మాట అన్నాడు. జి.ఎన్. రామచంద్రన్ అది పట్టుకున్నాడు. పొరుగునే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువుల కొల్లాజెన్ సంపాదించి, గోపీనాథ్ కర్తాతో కలిసి ఎక్స్‌రేలతో పరీక్షించాడు. మూడు పోగులు ఒకదాని చుట్టూ ఒకటి పేనుకుని ఉండే నిర్మాణాన్ని 1954, 55లలో నేచర్ పత్రికలో ప్రకటించాడు. జడలో పాయల్లా అల్లుకున్న ఆ మూడు పోగులే మనిషి చెంపలకు బిగువు.

ఆ పోగులు మహా మొండివి. చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారి కొత్తది రావడానికి దాదాపు 15 ఏళ్లు పడుతుంది. కాబట్టి వాటికి ఒకసారి జరిగిన నష్టం అంత తేలిగ్గా పూడదు. నష్టం ఎలా జరుగుతుందో మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్‌హీస్ బృందం 1996లో చూపించింది. చర్మం ఎర్రబడడానికి కూడా చాలనంత కొద్దిపాటి అతినీలలోహిత కిరణాలు సోకినా, కొన్ని గంటల్లోనే చర్మకణాలు కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను తయారుచేస్తాయి. ఆ తర్వాత శరీరం మరమ్మతు చేసుకుంటుంది, కానీ పూర్తిగా కాదు. ప్రతిసారీ ఇంత లోటు మిగులుతుంది. సాగి మళ్లీ యథాస్థానానికి రావడానికి తోడ్పడే ఎలాస్టిన్ పోగులూ ఎండకు చెడిపోయి, పనికిరాని ముద్దలుగా పేరుకుంటాయి. ట్రక్కు డ్రైవరు చెంప దళసరి ఎక్కింది అందుకే.

ఎండ సంగతి పక్కన పెట్టినా, పెద్దయ్యాక ఏటా దాదాపు ఒక శాతం చొప్పున కొల్లాజెన్ తగ్గుతూనే ఉంటుంది. ముట్లుడిగిన తర్వాత మొదటి ఐదేళ్లలో ఆడవాళ్లు దాదాపు 30 శాతం కోల్పోతారు. దీన్ని ఎవరూ ఆపలేరు. అయితే ఇలా లోపలినుంచి వచ్చే ముసలితనం సన్నని గీతలతో, పల్చబడిన చర్మంతో నెమ్మదిగా వస్తుంది. మచ్చలు, గరుకుదనం, లోతు ముడతలు ఎక్కువగా ఎండ వాటా. ఏది ఎవరి వాటానో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అరవై దాటినవాళ్లు ముంజేతిని, మోచేతి పైన చంక వైపు ఉండే చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు. పొలం పనులు చేసిన ఆడవాళ్లలో జాకెట్టు చెయ్యి ముగిసినచోట ఆ తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పుకోవాలి. ముడతల మీద పరిశోధన చాలావరకు తెల్లవాళ్ల చర్మం మీద జరిగింది. మన చర్మంలోని మెలనిన్ కొంత గొడుగు పడుతుంది. నల్లజాతీయుల చర్మానికి పుట్టుకతోనే, సన్‌స్క్రీన్ల లెక్కలో చెప్తే, దాదాపు 13 ఎస్‌పీఎఫ్ రక్షణ ఉంటుందని, తెల్లవాళ్లకు 3 కొంచెం పైన ఉంటుందని ఒక పాత కొలత. మనం ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటాం. 2005లో ఫ్రెంచి, చైనా ఆడవాళ్లను పోల్చి చూసినప్పుడు చైనా వాళ్లకు ముడతలు పదేళ్లు ఆలస్యంగా వచ్చాయి, రంగు మచ్చలు మాత్రం ఎక్కువగా వచ్చాయి. మన దగ్గరా వయసు మొదట కనిపించేది మచ్చగానే. బుగ్గల మీద మంగు, కళ్ల కింద నలుపు, నుదుటి పక్కన ముదురు చార. ముడతలు తర్వాతెప్పుడో వస్తాయి. కాబట్టి పాశ్చాత్య పత్రికల్లో ముడతల గురించి రాసినదంతా మనకు యథాతథంగా పనికిరాదు. ఎండను ఆపాలన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఎండను ఆపితే నిజంగా తేడా కనిపిస్తుందా? కంపెనీల ప్రకటనలు ఎన్నో చెప్తాయి గానీ గట్టి సాక్ష్యం ఒక చిన్న ఊరినుంచి వచ్చింది. ఆ ఊరు నాంబూర్, గుంటూరు పక్కన ఉన్న నంబూరు కాదు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోది. ఆడెల్ గ్రీన్ అనే వైద్య శాస్త్రవేత్త చర్మ క్యాన్సర్ మీద పరిశోధన కోసం 1992లో ఆ ఊళ్లో 1621 మందిని చీట్లు వేసినట్టు గుంపులుగా విడగొట్టింది. కొందరు తల, మెడ, చేతులకు రోజూ సన్‌స్క్రీన్ రాయాలి. మిగతావాళ్లు తమకు ఎప్పుడు రాసుకోవాలనిపిస్తే అప్పుడు, ఎప్పటిలాగే. అసలు రాయొద్దని ఎవరికీ చెప్పలేదు, అంత ఎండ కాసే చోట అలా చెప్పడం అన్యాయం.

నాలుగున్నరేళ్లు గడిచాయి. 55 ఏళ్ల లోపు వాళ్లలో 903 మంది చేతుల వెనుకభాగం మీద సిలికాన్ పూసి, ఆరాక అచ్చు తీశారు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. ఎవరి అచ్చు ఏ గుంపుదో తెలియకుండానే వాటిలోని గీతలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి మార్కులు వేశారు. రోజూ రాసినవాళ్ల చర్మంలో చెప్పుకోదగ్గ ముసలితనం ఏమీ పెరగలేదు. రెండో గుంపుతో పోలిస్తే 24 శాతం తక్కువ. 2013లో ఈ ఫలితం అచ్చయింది. వాళ్లు వాడింది అంత ఖరీదైన సరుకేమీ కాదు, ఎస్‌పీఎఫ్ 16 ఉన్న మామూలు క్రీము. అదే ప్రయోగంలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు కూడా ఇచ్చారు. చర్మం ముసలితనం మీద వాటి ప్రభావం ఏమీ కనబడలేదు. అందంకోసం మాత్రలు మింగేవాళ్లు ఆ ఫలితాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఈ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు పిల్లలు కారు. అప్పటికే ఏళ్ల తరబడి ఆస్ట్రేలియా ఎండ తిన్నవాళ్లు. నలభైలలో మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుందని దాన్నిబట్టి తెలిసింది.

సన్‌స్క్రీన్ సీసా మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీ గురించి చెప్తుంది. 15 అంటే దాదాపు 93 శాతం ఆపుతుంది, 30 అంటే 97, 50 అంటే 98. అంటే 30 నుంచి 50కి పోతే దక్కేది ఒక్క శాతం. యూవీఏ సంగతి తెలియాలంటే పీఏ అక్షరాల పక్కన ఎన్ని ప్లస్ గుర్తులున్నాయో చూడాలి. ఈ పద్ధతి జపాన్‌లో 1996లో మొదలైంది. అసలు చిక్కు అంకెలో లేదు, కొలతలో ఉంది. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి పరీక్షిస్తారు. జనం రాసేది అందులో సగమో, పావో. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. చెమట పట్టే ఊళ్లలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. విజయవాడ మే నెలలో అది ఎంతమందికి సాధ్యమో వైద్యులకూ తెలుసు. మంగు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. చామనఛాయ చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా నలుపును పెంచుతుంది. దాన్ని మామూలు సన్‌స్క్రీన్ ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. తెల్లగా పూత పూసినట్టు కనిపించదు కూడా.

నిజానికి గుడ్డను మించిన సన్‌స్క్రీన్ లేదు. అది చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మార్చనక్కర్లేదు. మిరపకోతలకూ పత్తి ఏరడానికీ వెళ్లే ఆడవాళ్లు చీర మీద మొగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనిచేస్తారు. ఏ చర్మవైద్యుడూ వాళ్లకు చెప్పలేదు. హైదరాబాద్ రోడ్ల మీద స్కూటీ నడిపే అమ్మాయిలు చున్నీతో ముఖం మొత్తం కట్టేసుకుని, భుజం దాకా గ్లవుజులు వేసుకుని వెళ్తుంటే కొందరు నవ్వుతారు. నవ్వాల్సిన పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అతినీలలోహిత సూచిక 3కి చేరితే రక్షణ కావాలి. వేసవి మధ్యాహ్నం హైదరాబాద్‌లో అది 11 దాటుతుంది.

వచ్చేసిన ముడతను కొంతైనా వెనక్కి తిప్పే మందు ఉందా? ఒకటుంది. దాని కథ ఒక గొప్ప వైద్యుడి కథ, ఒక నేరం కథ కూడా.

ఆల్బర్ట్ క్లిగ్‌మన్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు. 1951 నుంచి ఆయన ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. కొద్దిపాటి డబ్బుకు వీపులు అప్పగించారు. వాళ్ల చర్మం మీద సబ్బులు, క్రీములతో పాటు విషపదార్థాలు కూడా పరీక్షించారు. ఏం రాస్తున్నారో వాళ్లకు సరిగ్గా చెప్పలేదు. 1974 దాకా అది సాగింది. విశ్వవిద్యాలయం వైద్య విభాగం 2021లో, ఫిలడెల్ఫియా నగరం 2022లో క్షమాపణ చెప్పాయి. అప్పటికి క్లిగ్‌మన్ చనిపోయి పదేళ్లు దాటింది.

ఆ జైల్లో పరీక్షకు వచ్చినవాటిలో విటమిన్ ఎ నుంచి తయారైన ట్రెటినాయిన్ ఒకటి. 1971లో దానికి మొటిమల మందుగా అనుమతి దొరికింది. వాడినవాళ్లలో వయసు మళ్లిన ఆడవాళ్లు కొందరు మొటిమలతో పాటు ముఖం కూడా నునుపెక్కిందని చెప్పారు. ఆ మాటను క్లిగ్‌మన్ తీసిపారేయలేదు. ఎండ తిన్న చర్మం మీద ప్రయోగించి 1986లో ఫలితాలు ప్రచురించాడు. రెండేళ్ల తర్వాత వూర్‌హీస్ బృందం మరింత కట్టుదిట్టంగా పరీక్షించింది. 30 మందికి 16 వారాల పాటు ఒక చేతికి మందు, రెండో చేతికి మందు లేని ఉత్త క్రీము. మందు రాసిన చెయ్యి 30 మందిలోనూ మెరుగైంది. చాలామందికి చర్మం ఎర్రబడి పొలుసులు కూడా ఊడాయి. 1995 చివర్లో అమెరికా ప్రభుత్వం దాన్ని సన్నని ముడతలకు మందుగా ఆమోదించింది. అది కొల్లాజెన్ కోసే ఎంజైములను అణచి, కొత్త కొల్లాజెన్ పుట్టిస్తుంది. రాత్రిపూట శనగగింజంత, మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులే, పగలు తప్పకుండా సన్‌స్క్రీన్, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. ఫలితం కనిపించాలంటే నెలలు పడుతుంది. దుకాణాల్లో చీటీ లేకుండా దొరికే రెటినాల్ దీనికి చెల్లెలు, బలం తక్కువ, మంటా తక్కువ.

క్లిగ్‌మన్ ఇంకో పని చేశాడు. అది నేరుగా మన ఊళ్ల మెడికల్ షాపుల్లోకి వచ్చింది. 1975లో ఆయన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపి నల్లమచ్చలకు మిశ్రమం తయారుచేశాడు. వైద్యుడి కనుసన్నల్లో కొన్ని వారాలు వాడితే మంగుకు అది మంచి మందే. మన దేశంలో వేరే స్టెరాయిడ్‌తో ఆ మిశ్రమం ట్యూబుల్లోకి ఎక్కింది. పెళ్లికూతుళ్లు, ఇరుగుపొరుగు, పార్లరమ్మాయి ఒకరికొకరు చెప్పుకుని తెల్లబడే క్రీముగా ఏళ్ల తరబడి రాసుకున్నారు. మొదటి రెండు వారాలు ముఖం నిజంగానే మెరుస్తుంది, చిక్కంతా అక్కడే. ఆ తర్వాత చర్మం పల్చబడి లోపలి రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట, దురద, మళ్లీ నలుపు. భరించలేక మళ్లీ అదే ట్యూబు. స్టెరాయిడ్ కొల్లాజెన్‌ను తగ్గిస్తుంది కాబట్టి, మచ్చ పోవాలని రాసుకున్నవాళ్లు పాతికేళ్లకే ముసలి చర్మాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టయింది. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని వేర్వేరు చర్మవ్యాధుల ఓపీలకు ముఖం సమస్యలతో వచ్చిన 2926 మందిని అడిగితే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారని తేలింది. చర్మవైద్యుల సంఘం పోరగా పోరగా 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అమలు ఎలా ఉందో వీధి చివరి షాపులో అడిగితే తెలిసిపోతుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా, డాక్టరు రాయకపోతే ముఖానికి రాయకూడదు.

పొగాకు సంగతి త్వరగా ముగించవచ్చు. సిగరెట్టు కాల్చేవాళ్ల ముడతల గురించి హ్యారీ డానియెల్ అనే వైద్యుడు 1971లోనే రాశాడు. అమెరికాలో ఏటా కవల పిల్లలు, కవల పెద్దలు చేరే ట్విన్స్‌బర్గ్ ఉత్సవంలో పరిశోధకులు 79 జంటల ఫొటోలు తీసి పోల్చి, 2013లో ప్రచురించారు. పొగ తాగేవాళ్ల ముఖంలో కంటి కింద సంచులు, మూతి చుట్టూ గీతలు ఎక్కువ. ఇద్దరూ తాగేవాళ్లే అయినా, ఒకరు ఐదేళ్లు ఎక్కువ తాగితే తేడా కళ్లకు కనిపించింది.

ఇక వంటింటి మందులు. నలుగుపిండి మంచి శుభ్రం, చచ్చిన పొలుసులను తీస్తుంది, అంతవరకే. గరుకుగా రుద్దితే మన రంగు చర్మంలో నలుపు ఇంకా పెరుగుతుంది. పసుపు ఎండను ఆపదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లడం మాత్రం ప్రమాదం. అందులోని పదార్థాలు అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని మచ్చలు మిగులుస్తాయి. కొల్లాజెన్ క్రీముల సంగతి లెక్కతో తేలిపోతుంది. చర్మం గుండా లోపలికి దూరాలంటే అణువు బరువు దాదాపు 500 డాల్టన్లు మించకూడదు, కొల్లాజెన్ బరువు మూడు లక్షలు. కొల్లాజెన్ పొడులు తాగేవాళ్లకు 2025లో 23 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష ఒక మాట చెప్పింది. కంపెనీల డబ్బు లేకుండా జరిగిన ప్రయోగాల్లో ఉపయోగం కనిపించలేదు. బోటాక్స్ పనిచేస్తుంది, కానీ అది చర్మాన్ని బాగుచేయదు. కండరాన్ని మూడు నాలుగు నెలలు నిద్రపుచ్చుతుంది. వాంకూవర్‌లో కంటివైద్యురాలు జీన్ కారుథర్స్ రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఆ ఇంజెక్షన్ ఇస్తుంటే నుదుటి గీతలు మాయమవడం 1987లో గమనించింది. చర్మవైద్యుడైన భర్తతో కలిసి దాన్ని అందానికి వాడడం మొదలుపెట్టింది.

అరవై, డెబ్బై దాటాక ముడత కన్నా ఎక్కువ బాధించేది పొడిదనం. చర్మంలో నూనె తగ్గుతుంది, పైపొర మారడం నెమ్మదిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కాళ్లు పొలుసులెక్కి దురద పెట్టి, గోకితే రక్తం వస్తుంది. మరిగే నీళ్లు పోసుకోవడం, ఒళ్లంతా సబ్బు రుద్దడం దాన్ని పెంచుతాయి. గోరువెచ్చని నీళ్లు, సబ్బు చంకలకూ గజ్జలకూ మాత్రమే, ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ, వాసన లేని మాయిశ్చరైజరు గానీ. చాలామంది పెద్దవాళ్లకు దీంతోనే సరిపోతుంది. నెల రోజులు ఇలా చేసినా, ఒంటి మీద దద్దురేమీ లేకుండా దురద తగ్గకపోతే అది చర్మం జబ్బు కాకపోవచ్చు. కిడ్నీలు, కాలేయం, థైరాయిడ్ దెబ్బతిన్నా ఇలాగే దురద పెడుతుంది, అందుకే డాక్టరు ఆయింట్‌మెంట్ బదులు రక్తపరీక్షలు రాస్తాడు.